బ్రేకుల మీద నింద

మా వ్యాను మెకానిక్ మేస్త్రి గారి షెడ్డులో నెల రోజులు పడి ఉంది. ఆ నెలలో ఒక్క నట్టు కూడా ఎవరూ విప్పలేదు. బాగు చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా అన్నది మా ఇంట్లో తేలలేదు. మా ఆయన మొండితనం వల్లే తేలట్లేదని నేను కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. నేను చెప్పడం మొదలుపెడితే ఒకరిద్దరితో ఆగను.

నేను నర్సీపట్నం శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాఠకులను మాట్లాడకండి, మాట్లాడకండి అని అదిలించి, నేను కూడా నోరు కట్టుకుని కూర్చుని, ఇంటికి వచ్చాక ఆ బాకీ అంతా మా ఆయన మీద తీర్చుకుంటాను. ఆయన మాట పొదుపు మనిషి. మా ఇద్దరి మధ్య మాటలన్నీ లెక్క పెడితే పదింట తొమ్మిది నావే అవుతాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు.

ఆయన బతుకంతా ఆ మినీ వ్యానే. మన్యం వైపు నుంచి అంకుడు కర్ర తెచ్చి ఏటికొప్పాకలో దింపేవారు. అక్కడ ఆ కర్రతో చేసిన లక్క బొమ్మల్ని అట్టపెట్టెల్లో సర్దుకుని విశాఖ దుకాణాలకి చేర్చేవారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన బండిలో ఒక్క బొమ్మ విరగలేదు. ఇది నేను చెప్పే మాట కాదు, ఏటికొప్పాక వాళ్ళే చెబుతారు. స్పీడ్ బ్రేకర్ వస్తే బండిని ఎక్కించి దించే తీరు చూడాలి, నిద్రపోతున్న పిల్లని చంక దించి పడుకోబెడుతున్నట్టుండేది. ఆయనకి ఇంకే గొప్పా లేదు. చదువు పదో తరగతి, పొలం లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

దసరాకి మా బండికి పూజ నా చేతుల మీద జరగాలి. ఆ ఏడు మా పెరట్లో బంతి విరగబూసింది. పువ్వులున్నాయి కదా అని రెండు పేటల దండ గుచ్చాను. గ్రంథాలయానికి కొత్త పుస్తకాల కట్టలు వచ్చినప్పుడు వాటికి చుట్టి ఉండే ఎర్ర పురికొసని నేను పారేయను, ఉండ చుట్టి బీరువాలో దాచుకుంటాను. దండకి ఆ పురికొసే వాడాను. బండి కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, రెండు పక్కలా అరటి పిలకలు కట్టి, అద్దం ముందు దండ వేశాను. గుమ్మడికాయ తిప్పి కొట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. అంతా సవ్యంగా జరిగింది.

"దండ కొంచెం పైకి కట్టు. అద్దానికి అడ్డం వస్తాంది," అన్నారు మా ఆయన, డ్రైవరు సీట్లోంచి.

"పూజ సేసిన దండండీ, ముట్టుకోకూడదు. దానంతట అది ఎండి రాలిపోవాల."

ఈ నియమం మా అమ్మది. ఎవరు పెట్టారో ఆవిడకీ తెలియదు. మా నాన్న సైకిలుకి దసరాకి వేసిన దండ అట్లతద్ది దాటేదాకా వేలాడేది. సైకిలుకి ముందు అద్దం ఉండదన్న సంగతి నాకు తట్టలేదు. ఆయన ఒక వేలితో దండని కొంచెం పైకి తోసి చూసి, ఊరుకున్నారు. అరటి పిలకలు మాత్రం మర్నాడు పొద్దున్నే తీసేశారు. దండ జోలికి పోలేదు.

ఆ రోజే సన్నగా తుంపర మొదలైంది. బొమ్మలు ఎత్తాలని ఖాళీ బండి వేసుకుని ఏటికొప్పాక వైపు బయల్దేరారు. పది దాటాక నేను పేపర్లు సర్దుతుంటే ఫోను వచ్చింది. చెరకు తోటల దగ్గర బండి కల్వర్టు గోడని గుద్దేసిందట.

ఆస్పత్రిలో ఆయన కుడి భుజం కట్టేసి ఉంది. కంఠం కింద ఎముక విరిగింది. నుదుటి మీద కుట్లు వేశారు. ప్రాణానికి ఏమీ లేదని డాక్టరు చెప్పేదాకా నేను గోడ పట్టుకునే నిలబడ్డాను. చెప్పాక నాకు కోపం వచ్చింది. నా భయం ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది.

"ఏటయ్యిందండీ?"

ఆయన పైన తిరిగే ఫ్యాను వైపు చూశారు.

"బ్రేకులు ఫెయిలయ్యాయి."

ఇక నాకు దారి దొరికింది. "నాను సెప్పలేదా? బండి బేగి సూపించుకోండని ఎన్నిపాల్లు సెప్పాను! ఇంటేనే కదా!" అని అక్కడే మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చెప్పానని ఇప్పుడు ఎవరైనా నిలదీస్తే, బహుశా ఎప్పుడూ చెప్పలేదేమో. అయినా బ్రెడ్డు ప్యాకెట్టుతో, బత్తాయిలతో చూడవచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే పాట పాడాను. మనిషి మంచోడే గానీ బండి సంగతి పట్టదన్నాను. బ్రేకులు చూసుకోలేని డ్రైవరు ఏం డ్రైవరన్నాను. ఆయన ఫ్యాను చూస్తూనే ఉన్నారు.

ఏటికొప్పాక నుంచి బొమ్మలు చేసే పెద్దాయన కూడా వచ్చారు. ఆయన ముందే అన్నాను. "బ్రేకులు సూసుకోని బండిలో సరుకు ఎవులేస్తారండీ, మీరే సెప్పండి!" పెద్దాయన మా ఆయన మంచం పక్కన కాసేపు కూర్చుని, తెచ్చిన లక్క బండి బొమ్మ ఒకటి దిండు దగ్గర పెట్టి వెళ్ళిపోయారు. తర్వాతి వారం నుంచి వాళ్ళ సరుకు వేరే వ్యానులో వెళుతోందని తెలిసింది. మా ఆయన మంచాన ఉన్నారు కదా, మరి వాళ్ళకీ పని ఆగకూడదు కదా అని సర్దుకున్నాను.

బండిని మేస్త్రి గారి షెడ్డుకి లాక్కొచ్చి పడేశారు. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళిన వాళ్ళందరూ తలో తీర్పూ ఇచ్చారు. క్యాబిన్ ఎడమ పక్క సీటు దాకా నొక్కుకుపోయింది. ముందు అద్దం లేదు. బీమా వాళ్ళ తరఫున వచ్చినాయన చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని తుక్కే అన్నాడు. మేస్త్రి గారు మాత్రం ఏమీ అనలేదు.

ఆయన గురించి చెప్పాలి. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళతారు, మిగతా ఆరు రోజులూ నూనె మరకల చొక్కాతో బండ్ల కింద ఉంటారు. గుద్దుకున్న బండి ఏది వచ్చినా ఆయనది ఒకటే పద్ధతి. బండి పక్కన చెక్క స్టూలు వేస్తారు. నడిపిన మనిషి వచ్చి దాని మీద కూర్చుని ఎలా జరిగిందో మొదటి నుంచి చెప్పాలి. చెప్పేదాకా స్పానర్ పట్టరు. ఎంత పెద్దవాళ్ళ కారైనా అంతే. దీనికి ఆయన చెప్పే కారణం కూడా సూటిగా ఉంటుంది. దెబ్బ ఎటు నుంచి వచ్చిందో తెలిస్తే లోపల కనపడకుండా ఏం వంగిందో తెలుస్తుందట. అబద్ధం చెప్పిన బండికి రిపేరు ఎక్కడో ఒకచోట తప్పుతుందట.

మా ఆయన స్టూలు ఎక్కలేదు. ఒకసారి వెళ్ళారు, చేతికి కట్టుతో. "తుక్కుకి ఇచ్చేద్దాం మేస్త్రి గారూ. ఏటీ విప్పొద్దు," అని చెప్పి వచ్చేశారు.

నాకు ఒళ్ళు మండింది. నా లెక్కలో బండి బాగవ్వాలి, ఆయన మళ్ళీ ఎక్కాలి. ఆయన లెక్కలో బండి తుక్కు. పైగా అప్పటికే ఎవరో జీడిపిక్కల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని ఉందన్నారు, ఈయన సరే అనేశారు. అంత తొందరగా సరే అనడం నాకు నచ్చలేదు. లక్క వాసన చొక్కాకి అంటుకుని ఇంటికి వచ్చే మనిషి ఒక గేటు పక్కన కుర్చీలో కూర్చోవడం ఊహించుకుంటే నాకు అన్నం సహించలేదు. అయినా నోటితో ఏమన్నాను? "సరే, బ్రేకులు సూసుకోలేనప్పుడు గేటే సూసుకోండి," అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

పాత ఇనుము కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. ఆ పొద్దున నేను సగం రోజు సెలవు పెట్టి, బండిలో మిగిలిన సామాను తెచ్చుకుందామని షెడ్డుకి వెళ్ళాను. కాయితాలు, అమ్మవారి పటం, స్టీలు క్యారేజీ, ఒక తువ్వాలు. సంచీలో సర్దాను. పగిలిన అద్దం ముక్కలు కాలికి తగలకుండా దిగుతూ, పట్టు కోసం వైపర్ మీద చెయ్యి వేశాను. చేతికి ఏదో గరుగ్గా తగిలింది.

ఎండిన బంతిపూలు, నల్లబడిపోయాయి. ఎర్ర పురికొస వైపర్ పుల్లకి మెలికలు తిరిగి, దాని మొదలు దగ్గర గట్టిగా బిగుసుకుపోయి ఉంది. కొసన నా ముడి. నేను పుస్తకాల కట్టలకి వేసే రెండు మడతల ముడి, ఈ ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు.

నేను కల్వర్టు దగ్గరికి వెళ్ళలేదు, జరిగినదాన్ని చూడలేదు. కానీ ఆ ముడి పట్టుకుని నిలబడగానే అంతా కనపడింది. తుంపరకి దండ నాని బరువెక్కి అద్దం మీదికి జారింది. ఆయన వైపర్ వేశారు. వైపర్ దండని చుట్టుకుని పసుపూ కుంకుమా అద్దమంతా పులిమేసింది. ఆయన ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చెయ్యి కిటికీలోంచి చాపి దాన్ని లాగబోయారు.

"మేస్త్రి గారూ," అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నా చేతిలోది చూశారు, ఆశ్చర్యపోలేదు.

"ముందే సూశారా?"

"బండొచ్చిన రోజే సూశాను తల్లీ."

"మరి బ్రేకులు?"

"నిచ్చేపంలా ఉన్నాయి. విప్పొద్దన్నాడు బాబు, విప్పలేదు. తొక్కి సూడొద్దనలేదు కదా, తొక్కి సూశాను."

"నాకెందుకు సెప్పలేదండీ?"

"సేసినోళ్ళ నోట రావాల తల్లీ. నానెవుడిని సెప్పడానికి?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నారు. పెరట్లో బంతి దగ్గర మొదలుపెట్టి, ఆయన పైకి కట్టమనడం, నేను ముట్టుకోవద్దనడం, మా అమ్మ నియమం, మా నాన్న సైకిలు, అన్నీ చెప్పాను. ఆస్పత్రిలో నేను అన్న మాటలు కూడా చెప్పాను, వాటితో రిపేరుకి పని లేకపోయినా. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక లేచి బండి కిందకి దూరి, సుత్తితో ఒక్కొక్కచోటా కొట్టి చెవి పెట్టి విన్నారు.

"బాబు సెయ్యి బయటికి సాపేడు. బండి ఎడం పక్కకి లాగేసింది. అంటే దెబ్బ మూలకి పడింది, నడుముకి పోలేదు," అన్నారు కింద నుంచే. "క్యాబిన్ మడిసిపోయింది గానీ ఛాసీ బాగుంది. నిలబడతాది తల్లీ ఇది."

ఇనుము కొనేవాడు బండిని లాక్కెళ్ళడానికి గొలుసులు పట్టుకుని వచ్చాడు. టీ తాగించి పంపేశాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద ఎడమ చేత్తో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పడం కుదరక అదే పేజీ చదువుతున్నారు. నేను ఆ ఎండిన దండ తీసి పేపరు మీద పెట్టాను.

ఆయన దాన్ని ఒక వేలితో పక్కకి తోశారు. తర్వాత, "బ్రేకులే," అన్నారు.

"మేస్త్రి గారు తొక్కి సూశారండీ."

"ఆ ముసలాయన ఊరుకోడు."

"ఎందుకు సెప్పలేదు నాతో?"

"సెప్తే ఏటొస్తాది? నా ఎముక ఎలాగూ అతుక్కుంటాది. నీ సేత్తోటి కట్టిన దండ వల్లయ్యిందని తెలిస్తే నువ్వు మళ్ళీ దేముడి గదిలోకి ఎల్తావా? నిద్రపోతావా?"

"మరి నాను అన్నన్ని మాటలంటే?"

"బ్రేకుల్నే కదా అన్నావు," అన్నారు.

ఆస్పత్రిలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నెల రోజులు నేను ఊరందరి ముందూ ఆయన పేరు చెడగొడుతుంటే, పద్దెనిమిదేళ్ళ పేరు, ఆయనకి ఉన్న ఒకే ఒక్క పేరు, ఆయన ఫ్యాను చూస్తూ పోనిచ్చారు. బండి విప్పితే బ్రేకుల మాట అబద్ధమని తేలుతుందని బండినే వదులుకోబోయారు. ఇంత ప్రేమని ఆయన నోటితో చెప్పి ఉంటే నేను నవ్వేసేదాన్ని. నాకు పెద్ద దెబ్బే తగిలింది, తగలాల్సిన చోటే తగిలింది.

మర్నాడు ఆయన వెళ్ళి స్టూలు మీద కూర్చున్నారు. "దండ జారింది," అన్నారట. ఎవరు కట్టిన దండో అక్కడా చెప్పలేదట.

పని అవడానికి చాలా రోజులే పట్టింది. వంగిన చోట వేడి చేసి, గొలుసు వేసి లాగి, మళ్ళీ కొట్టి సాపు చేశారు. ఎడమ తలుపు మాత్రం పనికిరాలేదు. వేరే వ్యానుది నీలం రంగు తలుపు తెచ్చి బిగించారు. తెల్ల బండికి నీలం తలుపు. రంగు వేయిద్దామంటే ఉండనిమ్మన్నారు ఆయన. భుజం కట్టు విప్పాక రోజూ షెడ్డుకి వెళ్ళి, దగ్గరుండి చూసుకున్నారు. ఫ్యాక్టరీ వాళ్ళకి కబురు పెట్టారు, రాలేనని.

మొదటి ట్రిప్పుకి నేనూ వెళ్ళాను. ఆయనకి ఇష్టం లేదు, నేను నీలం తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను. ఏటికొప్పాకలో పెద్దాయన ఇంటి ముందు బండి ఆపగానే ఆయనకంటే ముందు దిగాను. లోపల లేతు మిషను మీద కర్ర తిరుగుతోంది. పెద్దాయన తిరిగే కర్రకి లక్క పట్టిస్తున్నారు.

"బ్రేకులు ఫెయిలవ్వలేదండీ," అన్నాను గుమ్మంలోంచే. "నాను కట్టిన పూలదండ అద్దానికి అడ్డం పడింది. పైకి కట్టమంటే నానే ఇన్లేదు. ఆరోజు ఆస్పత్రిలో మీ ముందర నానన్న మాట తప్పు. ఆయన బండి ఎప్పుడూ బాగానే సూసుకుంటారు."

లేతు ఆగింది. పక్కింట్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు తొంగి చూశారు. వాళ్ళకీ ఇంకోసారి చెప్పాను. నింద ఎన్ని చెవుల్లో వేశానో, నిజం కూడా అన్ని చెవుల్లో వేయాలనుకున్నాను. మా ఆయన వెనక నిలబడి, "ఇవన్నీ ఎవులడిగేరు నిన్ను?" అని గొణుక్కున్నారు. చెవులు ఎర్రబడిపోయాయి ఆయనకి.

పెద్దాయన నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశారు. అవతలి వ్యాను అతనికి సగం సరుకు మాటిచ్చేశామని, మిగతా సగం ఇప్పుడు ఎత్తుకోవచ్చని అన్నారు. "తర్వాత సూద్దాం బాబూ," అన్నారు. సగమే. నేను నొచ్చుకున్నాను గానీ, ఊడగొట్టింది నేనే కాబట్టి ఊరుకున్నాను. మా ఆయన సంతోషంగానే పెట్టెలు సర్దారు. ఒక్కొక్క పెట్టె మధ్యా గడ్డి కుక్కారు. కుడి చెయ్యి ఇంకా భుజం దాటి లేవట్లేదు.

సరుకు మర్నాడు విశాఖకి చేర్చాలనుకుని ఇంటికి బయల్దేరాం. తిరుగుదారిలో వరహా నది వంతెన దాటాం. చెరకు తోటలు వచ్చాయి. కల్వర్టు దగ్గర గోడ విరిగిన చోట కొత్త సిమెంటు తెల్లగా కనపడింది. ఆయన గేరు మార్చారు. నేను ఏమీ అనలేదు. అసలు ఆ దండ దొరికిన రోజు నుంచి ఆయన్ని ఏమీ అనడం మానేశాను. కూరలో ఉప్పు ఎక్కువైందంటే నా తప్పే అనేదాన్ని, తలుపు కిర్రుమంటే నా తప్పే అనేదాన్ని. ఆయన ఆలస్యంగా వస్తే కంచం పెట్టి పక్కన నిలబడేదాన్ని.

"ఏటి, నోరు పడిపోయిందేటి?" అన్నారు ఉన్నట్టుండి.

నేను తల అడ్డంగా ఊపాను.

"అప్పట్నుంచి సూస్తన్నాను. ఇల్లు కూడా మీ లైబ్రరీలాగే ఉంటాంది. బండి బాగైంది గానీ నువ్వే బాగవ్వలేదు." ఆయన ఇన్ని మాటలు ఒకేసారి ఆడడం నేను ఎప్పుడూ వినలేదు. "బయల్దేరేటప్పుడు బ్రేకులు సూపించుకున్నారా అని ఒక్కపాలి అడగలేకపోయావా?"

ఆయన నా వైపు తిరిగి నవ్వుతున్నారు. నాకు కళ్ళు మసకబారాయి. అయినా ఆయన భుజం మీదుగా చూస్తే, చెరకు ట్రాక్టరు ఒకటి పొలంలోంచి రోడ్డు మీదికి అడ్డంగా వస్తోంది.

"ముందు రోడ్డు సూడండి!" అని అరిచాను, షెడ్డులో మేస్త్రి గారికి వినపడేటంత గట్టిగా.

ఆయన తొక్కారు. బ్రేకులు మెత్తగా పట్టాయి. వెనక పెట్టెల్లో ఒక్క బొమ్మ కూడా కదల్లేదు.